రెండూ ఒకటేనన్నావు

మేడ మీద గది,
మంగళవారం మధ్యాహ్నం

మావయ్యా,

నా కంప్యూటర్ పుట్టింది. పురుడు నేనే పోశాను. అమ్మ భోజనాల బల్ల మూడు రోజులు నా స్వాధీనంలో ఉంది. మేమిద్దరం పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం. "బల్ల ఉండి కూడా ఇదేం ఖర్మే" అని అమ్మ పూటకోసారి అంటూనే ఉంది.

నువ్వు చెప్పినట్టే ప్రాసెసర్ మీద పేస్టు బఠాణీగింజంత పెట్టాను. ఫ్యాను బిగించేటప్పుడు "ఇంక విరిగిపోతుంది" అనిపించేదాకా నొక్కితేనే క్లిప్పు పడుతుందని నువ్వెప్పుడూ చెప్పలేదు. అది పడిన చప్పుడుకి నా గుండె కూడా ఒక మెట్టు కిందకి పడింది. ముందు బటన్‌కి వెళ్ళే సన్న వైర్లతో ఒక పూటంతా పోయింది. చీమ తలకాయంత పిన్నులు, వాటి పక్కన దోమ కాలంత అక్షరాలు. చివరికి అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివాను.

బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి. ఒక్కసారి "కుయ్" మంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు: లేవడానికి ఏమీ దొరకలేదు. నాకు ఆ వాక్యం నచ్చింది. లేనిదాన్ని లేదని చెప్పింది.

ఇక అసలు సంగతి. లోపల ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వెయ్యాలి? నా ముందు మూడున్నాయి. పాత వెర్షన్, కంపెనీవాళ్ళు ఎప్పుడో వదిలేసింది, ఎవరూ దాని జోలికి రారు. కొత్త వెర్షన్‌లో ఇళ్ళకిచ్చే రకం. కొత్త వెర్షన్‌లోనే ఆఫీసులకిచ్చే రకం. ఏది?

ఫోన్ చెయ్యకు, తియ్యను. నోటిమాట నాకొద్దు. కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి పంపు. ఒకటో తారీఖు నుంచి ఇంట్లోనే కూర్చుని చేసే కొత్త ఉద్యోగం. ఆ లోపల ఈ పెట్టె లేచి కూర్చోవాలి. కానీ నీ జవాబు వచ్చేదాకా ఇందులో ఏదీ వెయ్యను. అది మాత్రం ఖాయం.

వృద్ధాశ్రమంలో ఉద్యోగం ఎందుకు మానేశానో నీకైనా చెప్పానా అని అమ్మ పోరుతోంది. చెప్పలేదని రాసెయ్. నిజమే కదా.

నీ పిడుగు

*

షాపు, కౌంటర్ వెనక,
శుక్రవారం

పిడుగూ,

ఈ షాపుకి ఇరవై ఏళ్ళలో కరెంటు బిల్లు తప్ప ఇంకో కాగితం తెచ్చిన పాపాన పోలేదు మా పోస్ట్‌మన్. నీ కవరు ఇచ్చి, నేను విప్పేదాకా కదల్లేదు. "మేనకోడలయ్యా" అంటే నమ్మలేదు. "ఈ రోజుల్లో మేనకోడళ్ళు ఉత్తరాలు రాస్తారా" అంటాడు. ఫోన్ తీస్తే నీ సొమ్మేం పోయింది?

సరే. మొదటి పెట్టె ఒంటిచేత్తో కట్టావంటే సంతోషం. నేను నా మొదటిదాన్ని కట్టినప్పుడు పొగొచ్చింది. నీకు రాలేదు, అక్కడికి నువ్వు నాకంటే నయం.

కొన్ని జాగ్రత్తలు. లోపల చెయ్యి పెట్టేముందు ఇనప డబ్బాని ఒకసారి ముట్టుకో, ఒంట్లో కరెంటు పోతుంది. వెనక ఫ్యాను బయటికి ఊదాలి, ముందుది లోపలికి. కాగితం ముక్క పెట్టి చూడు, తెలుస్తుంది. మెమరీ పలకలు రెండువైపులా టక్కుమనాలి. ఒకవైపే టక్కుమంటే అది దొంగ టక్కు. వైర్లన్నీ వెనక వైపు తోసి కట్టెయ్, లోపల గాలి ఆడాలి. డబ్బాని నేలమీద పెట్టకు, దుమ్మంతా అదే పీలుస్తుంది. ముందు ఒక రోజంతా మెమరీ పరీక్ష నడిపించు. తొందరపడకు.

వెర్షన్ సంగతి నిదానంగా చూద్దాం. అదెక్కడికీ పోదు.

అక్కకి చెప్పు, నాకేమీ చెప్పలేదని. ఎందుకు మానేశావే నిజంగా?

మీ మావయ్య

*

మేడ మీద గది,
బుధవారం

మావయ్యా,

ఫ్యాను ఏ వైపు ఊదాలో రాశావు, డబ్బా ఎక్కడ పెట్టాలో రాశావు, దొంగ టక్కు గురించి కూడా రాశావు. అడిగినదానికి తప్ప అన్నిటికీ జవాబు చెప్పావు. షాపుకొచ్చినవాడు "ఏది వెయ్యమంటారు" అంటే నోరు తెరిచే లోపే చెప్పే మనిషివి. నా విషయంలో ఇంత నిదానం ఎందుకొచ్చింది?

మెమరీ పరీక్ష ఒక రోజంతా నడిపించాను. సగంలో ఉండగా అమ్మ కింద ఏదో స్విచ్ వేసింది, దీపాలు ఒక్కసారి రెప్పకొట్టాయి, పెట్టె ఆరిపోయి దానంతటదే మళ్ళీ లేచింది. "కుయ్" మంది. అంతే. అమ్మ పైకి పరిగెత్తుకొచ్చేసరికి నేను గోడకి ఆనుకుని నేలమీద కూర్చుని ఉన్నానట. అరిచానట. నాకు గుర్తులేదు.

ఇంకోటి చెప్తాను, నవ్వకు. అమ్మ నడుం వాల్చితే పావుగంటకోసారి వెళ్ళి చూస్తున్నాను. బాత్రూంలో ఎక్కువసేపుంటే తలుపు కొడుతున్నాను. నిన్న లోపల్నుంచి, "చచ్చిపోలేదే తల్లీ, తలంటుకుంటున్నాను" అని అరిచింది. వీధిలో వినబడే ఉంటుంది.

సరే, రాసేస్తాను. రాయకపోతే నువ్వు జవాబివ్వవని అర్థమైంది.

వృద్ధాశ్రమంలో పద్దెనిమిది గదులు. ప్రతి మంచానికీ వైరు చివర ఒక బటన్. నొక్కితే నర్సు బల్ల మీది కంప్యూటర్‌లో గది నంబరు పడుతుంది, గంట మోగుతుంది. ఆ కంప్యూటర్ పదకొండేళ్ళ నాటిది, పాత వెర్షన్, పైన వేలెడు దుమ్ము. ఎవరూ దాన్ని ముట్టుకునేవారు కాదు, ముట్టుకోవలసిన పని లేదు. కంప్యూటర్ల పని చూడ్డానికి నేను చేరిన మూడో నెలలో, ఇది ప్రమాదం, ఎప్పుడు ఆగుతుందో తెలియదు, మార్చాలి అని మేనేజరుగారి వెంట పడ్డాను. అక్కడి ఆయా అంది: "నడుస్తోంది కదమ్మా, నడిచేదాన్ని కదపడమెందుకు?" నేను నవ్వాను. డిగ్రీ ఉన్నవాళ్ళు నవ్వే నవ్వు ఒకటుంటుంది కదా, అది.

కొత్త పెట్టె, కొత్త వెర్షన్, ఇళ్ళకిచ్చే రకం. స్టాఫు దాంట్లో సినిమాలు చూస్తారని మేనేజరుగారు పాస్‌వర్డ్ పెట్టమన్నారు, పెట్టాను. పాస్‌వర్డ్ కొట్టాకే గంటల ప్రోగ్రాం మొదలవుతుంది. రోజూ లేచే ఉండే పెట్టె కదా, కొట్టేది ఒక్కసారే కదా అనుకున్నాను. నలభై రోజులు బాగానే నడిచింది.

నలభై ఒకటో రోజు మధ్యాహ్నం రెండింటికి అది తనకి తాను కొత్త మార్పులేవో తెచ్చుకుని, ఆరిపోయి, మళ్ళీ లేచింది. ఆ కీబోర్డు మీద ఎవరి వేలూ పడదు. అందుకని దాన్ని ఎవరూ వాడటం లేదనుకుంది. లేచి, పాస్‌వర్డ్ అడుగుతూ నిలబడింది. తెర మీద ఒక సరస్సు బొమ్మ. బొమ్మ బాగుందనుకుందట నర్సు.

నేను పక్క గదిలో ప్రింటర్ తుడుస్తున్నాను. భోజనాలయ్యాక అందరూ పడుకునే వేళ. "ఇవాళ ఎంత హాయిగా ఉందో, ఒక్క గంటా మోగలేదు" అని ఎవరో అన్నారు.

అన్నది నేనే, మావయ్యా.

నాలుగూ పదికి ఆయా టీ పట్టుకుని ఏడో గదిలోకి వెళ్ళింది. అక్కడ లెక్కల టీచరుగారుండేవారు, రిటైరై చాలా కాలమైంది, తుంటి ఎముక విరిగి లేవలేని స్థితి. కూతురు రోజూ సాయంత్రం షాపు కట్టేసి వచ్చి కూర్చునేది. టీ గ్లాసు పడిన చప్పుడు విన్నాను. అప్పుడు తెర చూశాను. పాస్‌వర్డ్ కొట్టాను.

గోడలో ఒక డబ్బా ఉంటుంది, నొక్కిన ప్రతి నొక్కూ దాంట్లో నిలవుంటుంది. ప్రోగ్రాం లేవగానే అన్నీ ఒకేసారి వచ్చాయి. ఏడు, ఏడు, ఏడు, ఏడు. తెర నిండి, కిందకి దొర్లుతూ, ఒక్కోదానికీ ఒక్కో గంట. పోయిన మనిషి పిలుస్తూనే ఉంది. ఆపడం ఎలాగో నాకు తెలుసు, ఒక్క మీట. చెయ్యి రాలేదు.

ఎన్నిసార్లో లెక్క చూశాను. ఎవరికీ చెప్పలేదు, నీకూ చెప్పను.

గుండె ఆగింది, వయసు మీద పడింది అని డాక్టరు రాశారు. "గుండె ఆగితే గంటేం చేస్తుందమ్మా, ఆ జాబితా తుడిచెయ్" అన్నారు మేనేజరుగారు. తుడిచేశాను. వారం తిరక్కుండా మానేశాను. ఇంట్లో ఎవరైనా కాలింగ్ బెల్ కొడితే ఏడో నంబరు కనబడుతోంది.

ఇప్పుడు చెప్పు. ఏది వెయ్యాలి? పాతది అడక్కుండా చావదు, అడక్కుండా లేవదు. నాకు దాని మీదే మనసు పోతోంది.

నీ పిడుగు

*

షాపు,
సోమవారం

పిడుగూ,

ఆఫీసులకిచ్చే రకం వెయ్. దాని కీ అక్షరాలు కాగితం మీద రాసి ఈ కవర్లోనే పెట్టాను, పోగొట్టుకోకు. ఒక పెట్టెకే పనిచేస్తుంది. ఎప్పుడు ఆరాలో ఎప్పుడు లేవాలో అందులో నువ్వే చెప్పచ్చు. పాతది నీ కొత్త బోర్డుని గుర్తుపట్టదు, ఆ ఆశ వదులుకో.

జరిగినదాంట్లో నీ తప్పేమీ లేదు. వయసు మీద పడిన మనిషి. తిండి సరిగ్గా తిను, అక్క బెంగపడుతోంది.

సంతకం పెట్టాను చూడు, నువ్వడిగినట్టే.

మీ మావయ్య

*

మేడ మీద గది,
గురువారం

మావయ్యా,

ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఎంత సులువుగా వచ్చిందో ఆ వాక్యం.

ఇదే ప్రశ్న నేను నిన్ను ఇంతకుముందు ఒకసారి అడిగాను. వృద్ధాశ్రమం వరండాలో నిలబడి, చేతిలో కొత్త పెట్టె బిల్లు పట్టుకుని ఫోన్ చేశాను. "ఏది వెయ్యాలి మావయ్యా?" నీ వెనక ఎవరో మాట్లాడుతున్నారు. నువ్వన్నది అక్షరం పొల్లుపోకుండా రాస్తాను: "రెండూ ఒకటేనే, పేర్లే తేడా. ఇళ్ళకిచ్చేదాని కీ ఒకటి నా సొరుగులో ఊరికే పడుంది. చెప్తా, రాసుకో." కాగితం లేక ఎడమ అరచేతిలో రాసుకున్నాను. ఇరవై అయిదు అక్షరాలు, మణికట్టు దాకా వచ్చాయి. రెండు రోజులు చెరగలేదు. ఆ చెయ్యి చూసుకుని మురిసిపోయాను కూడా.

ఉత్తరం ఎందుకడిగానో ఇప్పుడు తెలిసిందా? మళ్ళీ "రెండూ ఒకటే" అని రాస్తావేమో చూద్దామనుకున్నాను. రాసుంటే నీకసలు గుర్తే లేదని తెలిసేది. గుర్తులేని మనిషి మీద కోపం నిలవదు. కానీ మొదటి ఉత్తరంలో తప్పించుకున్నావు, రెండోదాంట్లో సంతకం పెట్టి మరీ సరైన జవాబు రాశావు. ఆ ఫోన్ గురించి ఒక్క ముక్క లేదు. నీకు గుర్తుంది. మొదటినుంచీ గుర్తుంది.

తప్పంతా నీదని అనడం లేదు. పాస్‌వర్డ్ పెట్టింది నేను. గంటల ప్రోగ్రాం పాస్‌వర్డ్‌కి ముందే లేచేలా పెట్టాలని తోచనిది నాకు. తుడిచింది నేను. కానీ "నీ తప్పేమీ లేదు" అని నువ్వు రాస్తే, అది ఎవరి కోసం రాశావో నాకు తెలియదా?

టీచరుగారి కూతురికి చెప్పాలనుకుంటున్నాను. మార్కెట్ వెనక వీధిలో కళ్ళజోళ్ళ షాపు ఆమెది. మూడుసార్లు వీధి చివరిదాకా వెళ్ళి వచ్చేశాను. మొన్న లోపలికే వెళ్ళాను. చూపు సరిగ్గా ఆనడం లేదని అబద్ధమాడాను. కూర్చోబెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టి, నా కళ్ళలోకి లైటు వేసి చూసింది. వాళ్ళమ్మకి ఉన్నట్టే ఆమెకీ ఎడమ కనుబొమ్మలో చిన్న గీత ఉంది. "కింది వరస చదవండి" అంది. చదివాను. ఇంకా కిందిది చదివించింది. అదీ చదివాను.

"మీ కళ్ళకేమీ లేదండి. అన్నీ కనిపిస్తున్నాయి మీకు" అంది.

నీ కీ బల్ల మీదే ఉంది. వెయ్యలేదు.

నేను

*

షాపు,
ఆదివారం, షట్టరు దించి

పిడుగూ,

గుర్తుంది.

ఆ రోజు కౌంటర్ ముందు నలుగురు నిలబడి తొందరపెడుతున్నారని రాశాను. రాసి కొట్టేశాను, పైన ఆ గీతలు అవే. ఎవరూ లేరు. రేడియోలో మ్యాచ్ వస్తోంది. నువ్వు విన్న గొంతు కామెంటరీది. ఆఖరి ఓవర్లు. నీకు తేడా చెప్పాలంటే పది నిమిషాలు పడుతుంది. పెట్టె ఎక్కడ పెడుతున్నారు, రోజంతా లేచి ఉంటుందా, దాని ముందు మనిషి ఉంటాడా ఉండడా, ఇవన్నీ అడగాలి. ఇరవై ఏళ్ళుగా ముక్కూమొహం తెలియనివాళ్ళని అడుగుతున్నాను. నిన్ను అడగలేదు. మనపిల్లే కదా, ఏం కొంప మునుగుతుందిలే అనుకున్నాను. మన అనుకున్నవాళ్ళకే మనం అరకొరగా చెప్తాం.

నువ్వు ఉద్యోగం మానేశావని అక్క చెప్పిన రోజే ఏదో అయిందని తెలుసు. ఏమైందో తెలియదు. అడగలేదు. అడిగితే నువ్వు చెప్తావని భయం. నీ మొదటి ఉత్తరంలో ఆ మూడు పేర్లూ వరసగా చూడగానే ఆ ఫోన్ గుర్తొచ్చింది. అందుకే ఫ్యాన్ల గురించి రాశాను.

ఇప్పుడు షాపుకి ఎవరొచ్చి ఏమడిగినా కూర్చోబెట్టి పది నిమిషాలు చెప్తున్నాను. మౌస్ కొనుక్కోవడానికొచ్చినవాడిక్కూడా. పక్క టీ కొట్టువాడు "మీ షాపులోకి వెళ్ళినవాళ్ళు ముసలివాళ్ళై బయటికొస్తున్నారండి" అంటున్నాడు.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. నిన్న బస్సెక్కి మీ ఊరొచ్చాను. ఇంటికి రాలేదు, అక్కతో అనకు. మార్కెట్ వెనక వీధికే వెళ్ళాను. ఆమెతో చెప్పాను. మీ అమ్మగారి గది గంట ఆ మధ్యాహ్నం మోగలేదు, దానికి కారణం నేను, మా మేనకోడలు నేను చెప్పినట్టు చేసింది, దానికేమీ తెలియదు అని. ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. "చాలాసేపు పిలిచిందా?" అని అడిగింది. ఒకటి రెండుసార్లు నొక్కి ఉంటారమ్మా, ఆ వెంటనే నిద్రలో పోయినట్టు పోయి ఉంటారు అన్నాను. తలూపింది. మంచినీళ్ళిచ్చింది.

నువ్వింక ఆ షాపుకి వెళ్ళనక్కర్లేదు. అయిపోయింది. పెట్టెలో ఆ వెర్షన్ వేసుకుని, ఒకటో తారీఖున హాయిగా పనిలో చేరు.

మీ మావయ్య

*

మంగళవారం

మావయ్యా,

అయిపోయిందా? ఎవరికి?

నేను మొయ్యవలసింది మొయ్యమని నిన్నెవరు పిలిచారు? ఆ గది నువ్వు చూడలేదు. ఆ గంటలు నువ్వు వినలేదు. "దానికేమీ తెలియదు" అన్నావట. నాకు అన్నీ తెలుసు, అదే కదా నా గొడవ. నాలుగేళ్ళు చదివి, ఉద్యోగం చేసి, పాతికేళ్ళొచ్చి, చివరికి నేను మేనమామ చెప్పినట్టు చేసిన పిల్లనా?

ఒకటి రెండుసార్లని నీకెవరు చెప్పారు? నిద్రలో పోయే మనిషి గంట నొక్కుతుందా? ఆ లెక్క ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు, ఎందుకంటే తుడిచింది నేను కనుక. ఇప్పుడు ఆమె దగ్గర నీ లెక్క ఉంది. ఒకసారి జాబితా తుడిచాను. నేను నోరు మూసుకుంటే రెండోసారి తుడిచినట్టే.

నువ్వు మంచివాడివని నాకు తెలుసు. ఇప్పుడు దాంతో పని లేదు.

*

(కార్డు)

షాపు, గురువారం

పిడుగూ, నిజమే. వెళ్ళు. నేనూ రావాలంటే వస్తాను, బయట మెట్ల మీద కూర్చుంటాను, లోపలికి రాను. వద్దంటే ఇక్కడే ఉంటాను. రేడియో తీసి అటక మీద పెట్టాను. మ.

*

మేడ మీద గది,
శనివారం

మావయ్యా,

ముందు చిన్న విషయం. నా పెట్టె ఇంకా ఖాళీయే. నువ్వు పంపిన కీ వేరేచోట వాడేశాను. ఒకటో తారీఖుకి ఇంక నాలుగు రోజులే. ఇంకోటి తీసుకుని బస్సెక్కు, ఈసారి ఇంటికే రా. అమ్మకి అంతా చెప్పేశాను. నిన్ను నాలుగు తిట్టి, నీ కోసం పక్క గది ఊడ్చింది.

నిన్న షాపు తీసే వేళకి వెళ్ళాను. ఒక్కదాన్నే. ఆమె నన్ను చూసి, "మీ కళ్ళు బాగున్నాయని చెప్పాను కదండీ" అంది. నేనెవరో చెప్పాను. పోయిన శనివారం వచ్చినాయన మా మావయ్య అని చెప్పాను. ఆయన చెప్పింది సగమే అని మిగతాదంతా చెప్పాను. పాస్‌వర్డ్, సరస్సు బొమ్మ, నేనన్న ఆ "హాయిగా ఉంది" అన్న మాటతో సహా. ఆమె ఒక అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తూ వింది. నేను చెప్పినంతసేపూ అదే అద్దం తుడిచింది.

"ఎన్నిసార్లు?" అంది.

"ముప్పై ఒకటి" అన్నాను. "మొదటిది రెండూ ఇరవైకి. చివరిది మూడూ పన్నెండుకి."

గుడ్డ ఆగింది. వీధిలో ఎవరో షట్టరు ఎత్తుతున్నారు.

"మా అమ్మ నన్నెప్పుడూ రెండుసార్లకి మించి పిలవలేదు" అంది. "రెండోసారికి పలక్కపోతే తనే లేచి వచ్చేది."

 

"ముప్పై ఒకటోసారి కూడా వస్తారనే నొక్కి ఉంటుంది" అంది మళ్ళీ. నాతో కాదు, అద్దంతో అన్నట్టు. తర్వాత నా వైపు చూసి అడిగింది: "ఆ పెట్టె ఇప్పుడెలా ఉంది?"

నాకు తెలియదన్నాను.

"అక్కడింకా పదిహేడు గదుల్లో మనుషులున్నారు కదా" అంది.

మావయ్యా, ఇన్ని నెలల్లో నాకా ఆలోచన ఒక్కసారి రాలేదు. నిద్రపోకుండా, తినకుండా, అమ్మ తలుపు కొడుతూ, ఏడో గదినే చూస్తూ కూర్చున్నాను. ఎనిమిదో గది ఉందని మర్చిపోయాను. నేను మానేసి వచ్చేశాను, పెట్టె అక్కడే ఉంది.

నన్ను క్షమించమని అడగబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది. "అది నాకిప్పుడు చేతకాదు. ఎప్పటికైనా చేతనవుతుందో లేదో తెలియదు. ముందు వెళ్ళి అది చూడండి" అంది.

ఇంటికొచ్చి నీ కీ తీసుకుని నేరుగా వృద్ధాశ్రమానికి వెళ్ళాను. అనుకున్నంతా అయింది. అదే వెర్షన్, అదే పాస్‌వర్డ్. ఒకటే తేడా, పాస్‌వర్డ్‌ని కాగితం మీద రాసి తెరకి అంటించారు. అదీ వాళ్ళ మరమ్మతు. మేనేజరుగారు అడ్డం వచ్చారు. ఇప్పుడంతా బాగానే నడుస్తోంది, నడిచేదాన్ని మళ్ళీ కదపడమెందుకు అన్నారు. ఇది నడవడం లేదండీ, నిలబడి ఉందంతే, ఎప్పుడు కూర్చుంటుందో దానిష్టం అన్నాను. ఆయన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. ఆయా నాకు కుర్చీ తెచ్చి వేసింది. నేను పని చేసినంతసేపూ వరండాలో తిరుగుతూ ఒక్కో గదిలోకీ తొంగిచూస్తూనే ఉంది.

ఆఫీసు రకం వేశాను. ఎవరైనా మనిషి పక్కనుండి ఒప్పుకుంటే తప్ప ఆరిపోకూడదని చెప్పాను దానికి. పాస్‌వర్డ్‌తో పని లేకుండా గంటల ప్రోగ్రాం దానంతటదే లేచేలా పెట్టాను. మూడుసార్లు ఆర్పి మూడుసార్లు వెలిగించాను. మూడుసార్లూ లేచింది. చేసినదంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి, నర్సు బల్ల అద్దం కింద ఉంచాను. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో కూడా అందులో ఉంది. మేనేజరుగారు తీసేస్తే ఇంకోటి రాస్తాను.

తర్వాత గదిగదికీ వెళ్ళి నొక్కించాను. మూడో గది తాతగారు నాలుగుసార్లు నొక్కి, "ఇంత బాగా మోగుతుందని తెలిస్తే ముందే నొక్కేవాణ్ణే" అన్నారు. పదకొండో గదావిడ తనకేమీ వద్దు, ఊరికే ఎవరైనా వచ్చి కూర్చుంటే చాలు అంది. కాసేపు కూర్చున్నాను.

ఏడో గది ఖాళీగా ఉంది. ఎవరికీ ఇవ్వలేదు. ఇచ్చినా ఉండడం లేదట, కొత్తవాళ్ళకి ఎవరో ఒకరు చెప్పేస్తున్నారు. దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. బటన్ మంచం కమ్మీకి చుట్టి ఉంది. ఆ మూలకి వెళ్ళేముందే ఆయా ఆగిపోయింది. "నువ్వెళ్ళమ్మా. ఆ గది గంట మోగితే మాత్రం నేను రాను. చెప్తున్నా" అంది. నర్సు కూడా తల అడ్డంగా ఊపింది.

ఒక్కదాన్నే వెళ్ళాను. మంచం మీద కూర్చోలేదు, నేలమీద కూర్చున్నాను, చెయ్యి పైకి చాపితే బటన్ అందేలా. పడుకున్నవాళ్ళ తలంత ఎత్తులో ఉన్నాను, అక్కణ్ణుంచి తలుపు సగమే కనబడుతుంది. బయట ఎవరు నడిచినా కాళ్ళే కనిపిస్తాయి. ఈ సంగతి నాకు ఇంతకుముందు తెలియదు.

ఒక్కసారి నొక్కాను.

దూరంగా గంట మోగింది. ఆగింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. నాకు రెండోసారి నొక్కాలనిపించింది, మావయ్యా, ఎంతలా అనిపించిందంటే వేలు దానంతటదే వంగింది. నొక్కలేదు. గోడ గడియారం వైపు చూడకుండా కూర్చున్నాను.

ఎంతసేపయిందో, నేలకి చెప్పులు రాసుకుంటున్న చప్పుడు. ముందు నెమ్మదిగా, తర్వాత పరుగులా. తలుపు దగ్గర ఆయా. చేతులకి ఇంకా సబ్బు నురగ.

"రానని చెప్పానా, ఎందుకు నొక్కావు?" అంది రొప్పుతూ. అని, గడప దాటి లోపలికి వచ్చింది.

నీ పిడుగు